బోస్టను శిశువైద్యశాలలో లుకేమియా చికిత్సా పరిశోధనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బోస్టను నగరమునందలి శిశువైద్యశాలలో, రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట సుమారు ఒక దశాబ్దకాలము, సిడ్నీ ఫార్బరు అను రోగనిదాన శాస్త్రజ్ఞుడును అతని సహచరులును బాలల లుకేమియాను రసాయన ద్రవ్యములతో లొంగదీయుటకై సాగించిన పరిశోధనము ఆధునిక వైద్యచరిత్రలో ఒక ప్రధానాధ్యాయము. కొలది వారములలోనో నెలలలోనో మరణము నిశ్చయమని భావింపబడిన ఈ వ్యాధి, ఔషధప్రభావమున తాత్కాలికముగానైనను వెనుకంజ వేయునని ఈ వైద్యశాల 1948వ సంవత్సరమున నిరూపించెను. ఆ ఔషధము అమినోప్టెరిను. దానిని సమకూర్చినవి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరు అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలు. ఆ ప్రయోగశాలలలో పరిశోధనా విభాగమునకు అధ్యక్షుడు భీమవరమున జన్మించిన ఆంధ్రుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ పరిశోధనమునకుగల విశిష్టత ఒక మందు కనుగొనబడుటలో మాత్రమే లేదు. మేలు చేయునని తలంచి ఇచ్చిన పదార్థము కీడు చేసినట్లు తోచినపుడు, ఆ కీడును మరుగుపరుపక శవపరీక్షవలనను మూలుగ పరీక్షవలనను నిశితముగ పరిశీలించి, దానికి సరిగా ఎదురైన పదార్థమును కోరి తెప్పించుకొనుటయే ఇందలి మూలసూత్రము. రోగి పడకయు, సూక్ష్మదర్శినియు, రసాయనశాలయు ఒకదానినొకటి ప్రశ్నించుకొనగలిగిన ఏర్పాటు ఉండుటవలననే అది సాధ్యమయ్యెను.

నగరము, వైద్యశాల

బోస్టను శిశువైద్యశాల 1869లో 20 పడకలతో స్థాపింపబడి, 1914లో లాంగ్‌వుడ్ అను ప్రాంతమునకు తరలిపోయెను. అంతకు ముందే, 1906లో, హార్వర్డు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల అచ్చట తన నూతన భవనములను నెలకొల్పియుండెను. పీటర్ బెంట్ బ్రిగమ్ వైద్యశాలయు ఆ చేరువనే ఉండెను. ఇట్లు ఒక్క పేటలో బోధనము, చికిత్స, పరిశోధనము ఇరుగుపొరుగులై వెలయుటచే, ఉదయమున వార్డులో రోగిని చూచిన వైద్యుడే మధ్యాహ్నమున ప్రయోగశాలలో కూర్చుండుట అచ్చటి పరిపాటి యయ్యెను.

ఈ పరిసరమున ఫార్బరుకు పూర్వమును అతని కాలమునను జరిగిన కార్యములు పెక్కులు కలవు. ఊపిరియాడని పోలియో రోగులను బ్రతికించుటకై ఫిలిప్ డ్రింకరు కల్పించిన కృత్రిమ శ్వాసయంత్రమును 1928లో మొదట ప్రయోగించినది ఈ శిశువైద్యశాలయందే. పుట్టుకతో మూసికొనక నిలిచిపోయిన గుండె చెంతనున్న రక్తనాళమును 1938లో రాబర్టు గ్రాస్ శస్త్రచికిత్సచే బంధించి, బాలల హృద్రోగ శస్త్రచికిత్సకు దారి తీసెను. జాన్ ఎండర్సు, థామస్ వెల్లరు, ఫ్రెడరిక్ రాబిన్సు పోలియో వైరసును నాడీకణజాలము కాని ఇతర కణజాలమునందు పెంచి 1949లో ప్రకటించిరి. అందుకై వారికి 1954లో నోబెలు బహుమానము లభించెను. జార్జి మైనటు, విలియం మర్ఫీ అను బోస్టను వైద్యులు ప్రాణాంతకమైన ఒక పాండురోగమునకు కాలేయాహారముతో చికిత్స చేయవచ్చునని 1926లోనే చూపియుండిరి. ఆహారమునందలి ఏదో ఒక స్వల్పద్రవ్యము మూలుగలోని రక్తోత్పత్తిని శాసించునను భావము ఆ నగరపు వైద్యులకు ఇట్లు చిరపరిచితమై యుండెను.

వ్యాధి స్వరూపము

లుకేమియా రక్తోత్పాదక కణజాలమునకు సంబంధించిన క్యాన్సరు. 1845 ప్రాంతమున స్కాట్లండులో జాన్ హ్యూస్ బెన్నెటు, జర్మనీలో రుడాల్ఫ్ వీర్‌ఖో దీనిని వేర్వేరుగా వర్ణించిరి. తీవ్రరూపమైన లుకేమియాలో, పక్వము కాని తెల్లకణములు మూలుగనంతయు ఆక్రమించి, ఎఱ్ఱకణములకును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు సూక్ష్మఫలకములకును చోటు లేకుండ చేయును. తత్ఫలితముగ బాలుడు పాలిపోవును; చర్మముపై నెత్తుటి మచ్చలు లేచును; చిగుళ్ళనుండి రక్తము స్రవించును; కాలేయము, ప్లీహము, శోషరస గ్రంథులు పెరుగును; తెల్లకణములు లెక్కకు మిక్కిలిగా ఉన్నను రోగనిరోధమునకు పనికిరానివగుటచే అంటురోగములు సులభముగ సోకును. మరణము సామాన్యముగ రక్తస్రావమువలననో, అంటురోగమువలననో సంభవించును.

1940 దశకపు మధ్యకాలము వరకు వైద్యులు చేయగలిగినది స్వల్పము. రక్తము ఎక్కించుటచే కొన్ని దినముల ఊరట కలిగెడిది. పెనిసిలిను వచ్చిన పిదప అంటురోగములను కొంతవరకు అరికట్టగలిగిరి. ఎక్స్-కిరణములు తీవ్ర లుకేమియాయందు చెప్పదగిన మేలు చేయలేదు. యుద్ధకాలమున యేల్ విశ్వవిద్యాలయమున లూయీ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్ మొదలగువారు నైట్రొజన్ మస్టర్డు అను విషద్రవ్యముతో శోషరస గ్రంథుల క్యాన్సరులపై ప్రయోగములు చేసిరి. యుద్ధరహస్యమగుటచే వాని ఫలితములు 1946లో గాని వెల్లడి కాలేదు. క్యాన్సరును మందుతో తగ్గింపవచ్చుననుటకు అది తొలి సూచన. అయినను పెక్కుమంది శిశువైద్యులు లుకేమియా సోకిన బిడ్డకు బాధ తెలియకుండ చూచుటకన్న చేయదగినది లేదనియే విశ్వసించుచుండిరి.

సిడ్నీ ఫార్బరు

ఫార్బరు 1903లో న్యూయార్కు రాష్ట్రమునందలి బఫలో నగరమున జన్మించి, జర్మనీలో కొంతకాలము వైద్యవిద్య నభ్యసించి, 1927లో హార్వర్డు వైద్యకళాశాలనుండి పట్టము పొందెను. 1929లో బోస్టను శిశువైద్యశాలకు పూర్తికాలపు రోగనిదాన శాస్త్రజ్ఞుడుగా నియమింపబడిన మొదటివాడితడు. అప్పటికి రోగనిదాన శాస్త్రజ్ఞుని విధి ప్రధానముగ మృతుల శరీరములను పరీక్షించి, వైద్యుల అభిప్రాయములోని తప్పొప్పులను నిర్ణయించుటయే. సజీవులైన రోగులతో అతనికి నేరుగ సంబంధముండెడిది కాదు. శవపరీక్షా విధానమును గూర్చి ఫార్బరు 1937లో ఒక గ్రంథమును సైతము ప్రకటించెను.

సుమారు రెండు దశాబ్దములపాటు లుకేమియాచే మరణించిన బాలల అవయవములను పరీక్షించిన ఈ అనుభవమే తరువాత అతనికి పెట్టుబడి యయ్యెను. చికిత్స పొందని రోగి మూలుగ ఎట్లుండునో అతడు ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు. కావున చికిత్స పొందినవాని మూలుగలో ఏ స్వల్పభేదము కనబడినను అది ఔషధప్రభావమా కాదా అని విచారింపగల యోగ్యత అతనికి కలదు. మృతులను చదివిన కన్నుతో సజీవులను చూడబూనిన ఈ ప్రస్థానమునకు వైద్యశాలలోనే అభ్యంతరములు వచ్చెను. రోగిచికిత్స తమ అధికారమని భావించు వైద్యులకు, నేలమాళిగలోని ప్రయోగశాలనుండి వార్డులోనికి వచ్చిన శాస్త్రజ్ఞుడు కొంత అన్యుడుగా తోచుట సహజమే.

ఫోలికామ్లము

ఈ పరిశోధనమునకు మూలమైన పదార్థకథ బొంబాయిలో ఆరంభమగును. ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ ఆ నగరమున గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలలో కనబడు ఒకవిధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారము నిచ్చినచో అది నయమగుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారమునందలి గుణకారి ద్రవ్యమేదో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున హెర్షెల్ మిచెల్, ఎస్మండ్ స్నెల్, రోజర్ విలియమ్సు పాలకూరనుండి ఒక ద్రవ్యమును వేరుచేసి దానికి ఫోలికామ్లమని నామకరణము చేసిరి. లెడర్లీ ప్రయోగశాలలవారు దాని నిర్మాణమును కనుగొని, కృత్రిమముగ తయారుచేసిన వృత్తాంతము 1945లో 16 మంది శాస్త్రజ్ఞుల పేర్లతో వెలువడెను. అందు సుబ్బారావు పేరును కలదు.

కణము విభజింపబడుటకు ముందు తనయందలి వంశానుగత ద్రవ్యమును ద్విగుణము చేసికొనవలెను. ఆ నిర్మాణమునకు వలయు కొన్ని భాగములు ఫోలికామ్లపు సహాయము లేనిదే తయారు కావు. అందుచే ఆ విటమిను కొరవడినపుడు నిరంతరము విభజింపబడుచుండు మూలుగకణములే మొదట దెబ్బతినును. ఈ వివరములన్నియు 1940 దశకమున స్పష్టముగ తెలియవు. రక్తోత్పత్తికి ఫోలికామ్లము అత్యవసరమని మాత్రము తెలియును.

యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరెను. హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రము నభ్యసించుచు, జీవనోపాధికై పీటర్ బెంట్ బ్రిగమ్ వైద్యశాలలో సేవకవృత్తి చేయవలసివచ్చెను. పిదప సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. జీవరసాయన ప్రయోగశాలలలో అది వారిరువురి పేరనే ప్రసిద్ధికెక్కినది. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటినును, ఏటీపీని గుర్తించుటలోను ఈ జంటకు ప్రముఖస్థానము కలదు. ఇతని సోదరుడు స్ప్రూ అను ఉష్ణదేశవ్యాధికి బలియయ్యెను. ఫోలికామ్లము కడకు ఆ వ్యాధికే ఔషధమగుట గమనింపదగినది.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిమ్మట సుబ్బారావు వ్యక్తిగత పరిశోధకుడుగా కాక, రసాయనజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు అను బహుళవర్గమును ఏకలక్ష్యమున నడపు సారథిగా పనిచేసెను. గోదావరి మండలములకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి మందగు హెట్రజాను, టెట్రాసైక్లిను వర్గమునకు ఆద్యమైన ఆరియోమైసిను అతని పర్యవేక్షణమున వెలువడినవే. బోస్టను వైద్యశాల కోరిన పదార్థములను కోరిన రూపమున తయారుచేసి పంపగల సంస్థ ఒకటి ఉండుటయు, దానికి నాయకుడు బోస్టను పరిశోధనా వాతావరణమున పదునేడేండ్లు మెలగినవాడగుటయు, ఈ కార్యసిద్ధికి ముఖ్యకారణములని చెప్పవచ్చును.

విఫలమైన తొలి ప్రయోగము

న్యూయార్కు నగరమునందలి మౌంట్ సైనాయ్ వైద్యశాలలో రిచర్డు లెవిసనుని బృందము ఎలుకలయందలి కొన్ని కంతులు ఫోలికామ్ల సంబంధి పదార్థముచే తగ్గినట్లు యుద్ధకాలమున ప్రకటించియుండెను. దానిని అనుసరించి, లెడర్లీనుండి వచ్చిన ఫోలికామ్ల సంయోగములను ఫార్బరు బృందము వివిధ క్యాన్సరులతో బాధపడు 90 మందికి ఇచ్చి, ఆ అనుభవమును 1947లో ప్రకటించెను. లుకేమియా గల బాలలయందు మాత్రము విపరీతము తోచెను. ఈ సంయోగములు పుచ్చుకొనిన బిడ్డల మూలుగయందును, ఇతర అవయవములయందును లుకేమియా కణములు మునుపటికన్న వేగముగ వృద్ధిచెందినట్లు ఫార్బరు అభిప్రాయపడెను.

ఈ వేగవృద్ధి యథార్థమా, వ్యాధి తన సహజగతిని ముదురుటయా అని తరువాతి విమర్శకులు సంశయించిరి. పోల్చి చూచుటకు చికిత్స పొందని సమానవర్గము లేని ఆ పరిస్థితిలో సంశయము న్యాయమైనదే. అయినను దానినుండి ఫార్బరు చేసిన ఊహ ఫలవంతమయ్యెను: ఫోలికామ్లము రోగకణములకు ఆహారమైనచో, ఫోలికామ్లమునకు విరోధియైన పదార్థము వానిని పస్తుపెట్టునుగదా! ఇట్టి విరోధులను గూర్చిన భావన అప్పటికే సిద్ధముగ ఉండెను. సల్ఫా మందులు సూక్ష్మజీవులకు అవసరమైన ఒక పదార్థమును పోలియుండి, దాని స్థానము నాక్రమించి, వాని పెరుగుదలను ఆపునని ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్సు 1940లో చూపియుండెను.

అమినోప్టెరిను

లెడర్లీ రసాయనజ్ఞులు ఫోలికామ్లపు అణువును అచ్చటచ్చట మార్చి పలు విరోధి పదార్థములను తయారుచేసిరి. 1947 తొలిభాగమున మొదటి విరోధి ఒకటి బోస్టనులో ప్రయోగింపబడెను. అది బలహీనమైనది; పుచ్చుకొనిన రోగి జీవింపలేదు. కాని శవపరీక్షలో మూలుగయందలి రోగకణములు విశేషముగ తగ్గియుండుటను ఫార్బరు గమనించెను. రోగి మరణముతో ముగిసిన చికిత్సయందు సైతము ఔషధము తన గురిని తాకినదని గ్రహించుట శవపరీక్షలో ఆరితేరినవానికే సాధ్యము. ఇంతకన్న బలవత్తరమైన విరోధిని డోరిస్ సీగరు అను రసాయనశాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు తయారుచేసిరి. ఫోలికామ్లపు అణువులో ఒకచోట నున్న హైడ్రాక్సిలు వర్గమునకు మారుగా అమినో వర్గమును నిలిపి చేసిన ఈ పదార్థమే అమినోప్టెరిను. వడ్లలో కలిసిన తాలుగింజ చూపునకు వడ్లగింజయే యైనను లోన బియ్యము లేనట్లు, ఇది రూపమున ఫోలికామ్లమునే పోలియుండి దాని పని మాత్రము చేయదు. పైగా ఫోలికామ్లమును ఉపయోగయోగ్యముగ మార్చు ఎంజైమును గట్టిగ పట్టుకొని విడువదు. ఈ ఎంజైము సంగతి 1950 దశకపు చివరికి గాని తేలలేదు.

1947 సంవత్సరాంత మాసములలో అమినోప్టెరిను ప్రయోగము బోస్టనులో మొదలయ్యెను. ఔషధమును దినమునకు అర మిల్లిగ్రాము మొదలు ఒక మిల్లిగ్రాము వరకు కండరములోనికి సూదిద్వారా ఎక్కించుచుండిరి. మోతాదు నిర్ణయమే మిక్కిలి కష్టమైన పని. రోగకణములను చంపు మందు, అంతే వేగముగ విభజింపబడు నోటి లోపొరను, ప్రేగుల పొరను, ఆరోగ్యవంతమైన మూలుగను కూడ దెబ్బతీయును. నోటిలో పుండ్లు లేచుట హద్దు మీరినదనుటకు గుర్తు. అది కనబడగనే మందు నాపి, తగ్గిన పిమ్మట మరల ఆరంభింపవలెను. నెత్తుటి చుక్కను గాజుపలకపై పరచి కణములను లెక్కించుట, సూదితో మూలుగను తీసి పరీక్షించుట, ప్లీహమును తడిమి దాని పరిమాణమును గుర్తించుట పలుమారులు జరుగుచుండెను. పసిబిడ్డల ఎముకలో సూది గ్రుచ్చుట బాధాకరమగుటచే, ఫలము లేని వ్యాధిలో ఈ హింస యేల యని ప్రశ్నించిన వైద్యులును లేకపోలేదు.

1948వ సంవత్సరపు నివేదిక

ఫార్బరు, లూయీ డైమండు, రాబర్టు మెర్సరు, రాబర్టు సిల్వెస్టరు, జేమ్సు వుల్ఫు అను అయిదుగురి పేర్లతో 1948 జూన్ 3వ తేదీన న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో ఒక వ్యాసము ప్రచురితమయ్యెను. డైమండు బాలల రక్తవ్యాధులయందు అగ్రగణ్యుడు; తల్లిబిడ్డల రక్తభేదమువలన కలుగు నవజాతశిశు వ్యాధికి రక్తమార్పిడి చికిత్సను నెలకొల్పినవారిలో ముఖ్యుడు. ఇట్టి వైద్యుని సహకారముచే పరిశోధనమునకు వార్డులో ప్రతిష్ఠ చేకూరెను.

వ్యాసము ప్రకారము అమినోప్టెరిను పుచ్చుకొనిన తీవ్ర లుకేమియా రోగులు 16 మంది. వారిలో 10 మందియందు గుణము కనబడెను. గుణము కనబడిన బాలలలో అయిదుగురి వృత్తాంతములు సవిస్తరముగ వర్ణింపబడినవి. వారియందు తెల్లకణముల సంఖ్య యథాస్థితికి దగ్గరయ్యెను, ఎఱ్ఱకణములు, సూక్ష్మఫలకములు మరల పుట్టసాగెను, ప్లీహము, కాలేయము తగ్గెను, ఆకలి పుట్టెను, పడకనుండి లేవలేని బిడ్డలు ఆటపాటలకు మరలిరి. ఈ గుణము కొన్ని వారములో కొన్ని నెలలో నిలుచునదే గాని శాశ్వతము కాదనియు, ఔషధము విషగుణము గలదనియు రచయితలు దాపరికము లేక చెప్పిరి. స్వస్థత కూర్చితిమను మాట వారు వాడలేదు.

ఆరంభమున ఈ ఫలితములను నమ్మనివారు పెక్కురు. తీవ్రమైన అంటురోగము తరువాత లుకేమియా తనంతట తాను కొంతకాలము తగ్గుట అరుదుగానైనను కలదు. రక్తము ఎక్కించుటవలనను కొంత మెరుగు కనబడును. అయినను స్వల్పకాలములోనే ఇతర నగరముల వైద్యులు అమినోప్టెరినును ప్రయోగించి అట్టి ఉపశమనములనే చూచుటతో సంశయము తీరెను. వ్యాసము వెలువడిన సుమారు రెండు మాసములకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట న్యూయార్కు రాష్ట్రమున ఆకస్మికముగ మరణించెను. తన ప్రయోగశాలలో పుట్టిన విరోధి పదార్థములు కడకు ఎంతదూరము పోవునో చూచు అవకాశము అతనికి లభింపలేదు.

జిమ్మీ నిధి

ఔషధములు, పరికరములు, సహాయకులు అన్నిటికిని ధనము కావలెను. సినిమా, నాటకశాలలవారి సేవాసంఘమైన వెరైటీ క్లబ్బు న్యూ ఇంగ్లండు శాఖ ఫార్బరునకు తోడుపడ ముందుకు వచ్చెను. 1948 మే 22వ తేదీన రాల్ఫ్ ఎడ్వర్డ్సు నడుపు రేడియో కార్యక్రమములో, జిమ్మీ అను మారుపేరుతో ఒక బాలరోగి మాటలు దేశమంతటను వినిపింపబడెను. అతని వ్యాధి లుకేమియా కాదు, ప్రేగుల చెంత పుట్టిన శోషరసగ్రంథుల క్యాన్సరు. బోస్టను బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాండ్రు అతని పడకచుట్టు నిలిచి పలుకరించిరి. 20,000 డాలర్లు వచ్చినచో బాలునికి టెలివిజన్ యంత్రము నిత్తుమని ప్రకటింపగా, కడకు 2 లక్షల డాలర్లకు పైగా విరాళములు వచ్చెను. ఈ నిధితో కట్టిన భవనము 1952లో ఆరంభమై, చికిత్సాలయమునకును ప్రయోగశాలలకును నెలవయ్యెను.

ప్రజాభిక్షతో పరిశోధనము నడపుటయందు మేలును కీడును కలవు. పోలియో నిర్మూలనోద్యమము అట్టి మార్గమును అప్పటికే చూపియుండెను. బాలుని ముఖము చూపి హృదయములను కదలించుట సులభము. ఆ కదలికకు తగిన వేగముతో శాస్త్రము ఫలింపదు. తరువాత ఫార్బరు, మేరీ లాస్కరు అను వితరణశీలితో కలిసి క్యాన్సరు పరిశోధనమునకై అమెరికా ప్రభుత్వధనమును రాబట్టుటలోను ప్రధానపాత్ర వహించెను. 1971నాటి జాతీయ క్యాన్సరు శాసనము ఆ ప్రచారమునకు పరాకాష్ఠ. వైద్యశాలలో మాత్రము అతడు సంపూర్ణ సంరక్షణము అను పద్ధతిని నెలకొల్పెను: బిడ్డకు మందు నిచ్చు వైద్యునితోపాటు, ఆహారమును చూచువారు, కుటుంబపు ఇబ్బందులను విచారించు సంఘసేవకులు, మనస్తత్త్వ నిపుణులు ఒక్కచోటనే లభింపవలెనని అతని మతము.

నైతిక ప్రశ్నలు

నాజీ వైద్యుల విచారణాంతమున 1947 ఆగస్టులో వెలువడిన న్యూరెంబర్గు తీర్పు, మానవులపై ప్రయోగములకు స్వచ్ఛందమైన సమ్మతి అత్యవసరమని ఉద్ఘోషించెను. అమినోప్టెరిను ప్రయోగము ఆరంభమైనది ఆ మరుసటి మాసములలోనే. కాని అమెరికా వైద్యశాలలు ఆ నియమములు తమకు వర్తించునని అప్పట్లో భావింపలేదు. ప్రయోగప్రణాళికను ముందుగ పరిశీలించు సంఘములు లేవు. తలిదండ్రుల అంగీకారము వైద్యునితో జరుగు సంభాషణపై ఆధారపడి యుండెను. మృత్యుముఖమున నున్న బిడ్డ తలిదండ్రులు ఏ ఆశనైనను కాదనరు. కావున వారి అంగీకారము ఎంతవరకు స్వేచ్ఛాపూర్వకమను ప్రశ్న నేటికిని సజీవమే.

ఈ విషయమున మేలుకొలుపు సైతము బోస్టనునుండియే వచ్చెను. ఆ నగరమునందలి మసాచుసెట్సు జనరల్ వైద్యశాలలో మత్తుమందుల ఆచార్యుడైన హెన్రీ బీచరు, రోగులకు తెలుపకయో హాని కలుగునని తెలిసియో జరిపిన 22 పరిశోధనలను ఉదాహరించుచు 1966లో వ్యాసము ప్రకటించెను. అదే సంవత్సరమున ప్రభుత్వ ధనముతో జరుగు ప్రయోగములకు ముందస్తు పరిశీలన విధింపబడెను. ఫార్బరు పక్షమున చెప్పదగినదేమనగా, అతని ప్రయోగములు రోగి మేలు నుద్దేశించినవే. ఆరోగ్యవంతులపైగాని, వేరు చికిత్స కలవారిపైగాని జరిగినవి కావు. అయినను సదుద్దేశమే చాలునను వాదమును ఆ తరువాతి కాలము అంగీకరింపలేదు.

ఉత్తరకథ

అమినోప్టెరినుకన్న మోతాదు నిర్ణయమునకు అనువైన దాని సోదరపదార్థము మెథోట్రెక్సేటు క్రమముగ దాని స్థానము నాక్రమించెను. 1956లో బెథెస్డాలోని జాతీయ క్యాన్సరు సంస్థయందు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జు మెథోట్రెక్సేటుతో గర్భసంబంధమైన ఒక క్యాన్సరును సంపూర్ణముగ నయము చేయగలిగిరి. గెర్ట్రూడ్ ఎలియను, జార్జి హిచింగ్సు సృష్టించిన 6-మెర్కాప్టోప్యూరిను 1953 నాటికి లుకేమియాలో ఉపయోగమునకు వచ్చెను. కార్టిజోను వర్గపు మందులును తోడయ్యెను. ఫార్బరు తాను ఆక్టినోమైసిన్-డి అను ఔషధమును బాలల మూత్రపిండ క్యాన్సరునందు శస్త్రచికిత్సతోను, కిరణచికిత్సతోను జోడించి సత్ఫలితములను సాధించెను.

ఒక్కొక్క మందుకు రోగకణములు కొంతకాలమునకు అలవాటుపడి లొంగకుండుటను వైద్యులు గ్రహించిరి. 1960 దశకపు ఆరంభమున ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ నాలుగు మందులను ఒక్కమారుగ ప్రయోగించిరి. మెంఫిసు నగరమున డొనాల్డు పింకెలు మెదడు పొరలలో దాగిన రోగకణములను సైతము నిర్మూలించు పద్ధతిని చేర్చెను. నేడు సంపన్నదేశములలో బాలల తీవ్ర లింఫాటికు లుకేమియా రోగులు నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. ఫార్బరు 1973లో మరణించెను. అతడు స్థాపించిన సంస్థ 1983నుండి డేనా-ఫార్బరు క్యాన్సరు సంస్థ యను పేర నడచుచున్నది. సుబ్బారావు శతజయంతి సందర్భమున 1995లో భారత తపాలాశాఖ అతని స్మారకముగ తపాలాబిళ్ళను వెలువరించెను.

పరిశోధనా విధానపు మూల్యాంకనము

బోస్టను నివేదిక వెలువడిన సంవత్సరముననే, అక్టోబరులో, క్షయరోగమునకు స్ట్రెప్టోమైసినును పరీక్షించిన బ్రిటిషు వైద్య పరిశోధనామండలి నివేదికయు వెలువడెను. అందు 107 మంది రోగులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగ రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు మందును, రెండవదానికి పడక విశ్రాంతిని మాత్రము విధించిరి. ఆ కొలబద్దతో చూచినచో ఫార్బరు ప్రయోగము లోపభూయిష్ఠము: రోగులు స్వల్పసంఖ్యాకులు, పోలికకు వర్గము లేదు, వేగవృద్ధి యను మూలభావమే సందిగ్ధము. కాని క్షయరోగి విశ్రాంతితో కోలుకొనుట సామాన్యముగ కలదు గనుక అచ్చట మందు గుణమును వేరుపరుచుటకు సమానవర్గము తప్పనిసరి. రోగులందరు మరణించు వ్యాధియందు పదిమంది లేచి తిరుగుట దానంతట అదియే సాక్ష్యమునకు సమీపించును. మందులు రెండును మూడును అయి, ఏది మేలను ప్రశ్న తలెత్తిన తరువాత, 1950 దశకపు ఉత్తరార్ధమున లుకేమియా చికిత్సకును యాదృచ్ఛిక విభజన పద్ధతియే శరణ్యమయ్యెను. పలు నగరముల వైద్యశాలలు కూటములుగ ఏర్పడి ఒక్క ప్రణాళికతో రోగులకు చికిత్స చేయసాగెను.

కావున ఈ రెండు పద్ధతులలో ఒకటి శాస్త్రీయము, వేరొకటి కాదు అనుట సరికాదు. ఏ వ్యాధికి మార్గమే లేదో అచ్చట మొదటి త్రోవను కనుగొనుటకు ఒక్క వైద్యశాలలోని కొలదిమంది పరిశీలకుల తీక్ష్ణదృష్టి చాలును. త్రోవలు పెక్కులైనపుడు వానిలో మేలైనదానిని ఎన్నుటకు సంఖ్యాబలమును, నిష్పక్షపాతమైన విభజనయు కావలెను. బోస్టను శిశువైద్యశాల మొదటి పనిని నెరవేర్చెను. అందలి వైఫల్యములు సైతము పత్రికలో అచ్చుపడుటచేతనే తరువాతివారు రెండవ పనిని ఆరంభింపగలిగిరి.